జపాన్ పాత రాతపెట్టె: నల్లబడిన వెండి చంద్రుణ్ణి తోమొచ్చా?

ముందుగా చెప్పాల్సింది ఒక్కటే: తోమకండి. వెండి పాలిష్, చింతపండు, విబూది, టూత్‌పేస్ట్, ఏదీ ఆ మూత దగ్గరికి రానివ్వకండి. మిగతా విషయాలు తీరిగ్గా మాట్లాడుకుందాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీరు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నారు. ఆదివారం పాతసామాన్ల సంతలో నల్లటి రాతపెట్టె ఒకటి 85 వేల యెన్‌లు పెట్టి కొన్నారు. మూత మీద బంగారు రంగులో గడ్డిపోచలు, పూలు ఉన్నాయి. వాటి వెనక పెద్ద గుండ్రటి నల్ల మచ్చ ఉంది. అది వెండి చంద్రుడని అమ్మినాయన చెప్పాడు. లోపల సిరా నూరే రాయి, నీళ్లు పోసే చిన్న రాగి పాత్ర ఉన్నాయి. మూత లోపలి మూలన ఉన్న పేరును ఆయన ‘కాజికావా’ అని చదివాడు. ఇది అసలుదేనా, ఎంత పాతది, చంద్రుణ్ణి మెరిపించొచ్చా, హైదరాబాద్ తీసుకెళ్తే పాడవుతుందా అని అడిగారు. పైగా ఇంట్లో చిన్నపాప ఉంది కాబట్టి ఈ పూత విషమేమో అని మీ ఇంట్లో టెన్షన్. నేను క్యోటోలో పాత ఉరుషి (చెట్టు పాలతో వేసే జపాన్ పూత) వస్తువుల మరమ్మతు చేసేచోట చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఫొటోలు చూసి చెప్పగలిగినంత చెబుతాను.

చంద్రుడితోనే మొదలుపెడదాం. అది వెండి రేకు కాదు. దగ్గరగా తీసిన మూడో ఫొటోలో అంచు దగ్గర పొడి రేణువులు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఈ పనిని మకియె అంటారు. ముందు ఉరుషితో బొమ్మ గీస్తారు. అది తడిగా ఉండగానే సన్నటి గొట్టంలో లోహపు పొడి వేసి, గొట్టాన్ని వేలితో తడుతూ బొమ్మ మీద చల్లుతారు. ఆరాక ఆ పొడి మీద పల్చగా మళ్లీ ఉరుషి పట్టించి, నెమ్మదిగా రుద్ది మెరుపు తెస్తారు. మొత్తం మందం మీ గోటి మందంలో చిన్న భాగం కూడా ఉండదు. గాలిలోని గంధకపు వాయువులు తగిలి ఆ వెండి నల్లబడింది. పాలిష్‌తో రుద్దితే నలుపు పోతుంది, దానితోపాటు వెండీ పోతుంది. కింద ఉన్న ఉరుషి బయటపడి, చంద్రుడు ఉండాల్సిన చోట గోధుమరంగు గీతలు మిగులుతాయి. అలా తోమేసిన పెట్టెలు మా దగ్గరికి మరమ్మతుకి వస్తుంటాయి. వాటికి చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. వెండి నల్లబడుతుందని చేసిన పనివాళ్లకు తెలుసు. తెలిసే వాడారు. జపాన్‌లో పాత వస్తువులు ఇష్టపడేవాళ్లు ఆ నల్లబడిన వెండిని లోపంగా చూడరు.

ఆ బొమ్మకి ఒక ఊరుంది. మీరు ఉంటున్న ప్రాంతమే అది. గడ్డిలో సగం మునిగిన చంద్రుడంటే ముసాషినో, ఇప్పటి టోక్యో పడమటి వైపు ఒకప్పుడు పరుచుకుని ఉన్న గడ్డి మైదానం. అక్కడ కొండలు లేవు కాబట్టి చంద్రుడు గడ్డిలోంచి పుట్టి గడ్డిలోనే అస్తమిస్తాడని పాత కవిత్వంలో చెప్పుకునేవారు. పోచలు మన రెల్లు లాంటి సుసుకి గడ్డి. చిన్న గుండ్రటి ఆకులున్నది హగి. ఐదు రేకుల గంటపువ్వు కిక్యో. మూడూ శరదృతువు మొక్కలే. ఈ శరదృతువు గడ్డిపూల వరుసకి పేరు తెచ్చింది క్యోటోలోని కోదైజి ఆలయం. 16వ శతాబ్ది చివర జపాన్‌ను ఏలిన తొయొతొమి హిదెయోషి భార్య నెనె, భర్త పోయాక ఆయన కోసం 1606లో స్థాపించిన గుడి అది. అక్కడి మందిరంలో తలుపుల మీద ఈ శరదృతువు గడ్డి ఉంటుంది. ఆ తర్వాత మూడు వందల ఏళ్లపాటు ఎందరో ఆ బాణీని తిరగరాశారు. అందుచేత బొమ్మ కోదైజి తీరులో ఉన్నంత మాత్రాన పెట్టె కూడా ఆ కాలానిదే అనుకోకూడదు. అమ్మకానికి పెట్టేవాళ్లు ఈ రెంటినీ కావాలనే కలిపేస్తుంటారు.

ఇక అసలుదా కాదా. మీరు పంపిన పదకొండు ఫొటోల్లో తొమ్మిది మూత పైభాగానివే. అందరూ అలాగే పంపుతారు. పైభాగం అమ్మడానికి చేసినది, అది చాలా అబద్ధాలు చెప్పగలదు. నేనైతే ముందు మూత తిప్పి లోపల చూస్తాను, తర్వాత పెట్టె అడుగు, ఆ తర్వాత సిరా రాయి కింద.

మూత లోపల మీకు బంగారు మెరుపు చల్లినట్టున్న నేల కనిపిస్తుంది. దీన్ని నషిజి అంటారు. బేరిపండు తొక్క మీద చుక్కల్లా ఉంటుందని ఆ పేరు. బంగారు రేణువులు చల్లి, వాటి మీద తేనెరంగు ఉరుషి పూతలు వేసి, సానబెడతారు. అందువల్ల రేణువులు ఒక్కోటి ఒక్కో లోతులో ఉంటాయి. కిటికీ దగ్గర పెట్టెను మెల్లగా అటూ ఇటూ వంచండి. కొన్ని వెలుగుతూ కొన్ని ఆరిపోతూ ఉంటే, కొన్ని పైకి, కొన్ని అడుగున ఉన్నట్టు తోస్తే అది నషిజి. అన్నీ ఒకే మట్టంలో, ఒకేసారి తళుక్కుమంటే అది వార్నిష్‌లో కలిపిన మెరుపు పొడి. మీ పదో ఫొటోలో లోతు ఉంది. నాకు మొదటి నమ్మకం అక్కడే కలిగింది.

తర్వాత పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనండి. గడ్డిపోచ అంచు మీద పెట్టి చూడండి. చేత్తో చేసిన మకియెలో గీత ఒక్క మందంతో ఉండదు. మొదట్లో లావుగా పడి, చివరికి వెంట్రుకంత సన్నగా జారుతుంది. అంచున ఒకటీ అరా రేణువు గీత దాటి పడి ఉంటుంది. అచ్చు వేసిన బొమ్మలో అంచు కత్తిరించినట్టు ఉంటుంది, లేదా చిన్న చిన్న మెట్లుగా కనిపిస్తుంది. బంగారానికి బదులు ఇత్తడి పొడి వాడితే ఎక్కువ తాకే చోట్ల పచ్చగానో, గోధుమగానో రంగు తిరుగుతుంది. మీ దాంట్లో పువ్వుల రేకులు కాస్త ఉబ్బెత్తుగా ఉన్నాయి కదా, అది తకమకియె. బొగ్గుపొడి, ఉరుషి కలిపి కింద ఎత్తు కట్టి, దాని మీద బంగారం చల్లుతారు. గడ్డిపోచలు చదునుగా ఉన్నవి హిరమకియె. ఒకే మూత మీద రెండూ ఉన్నాయంటే ఎవరో కూర్చుని పనిచేశారన్నమాట.

బరువు కూడా చూడండి. అసలు పెట్టె చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యంగా తేలిగ్గా ఉంటుంది, లోపల పల్చటి హినోకి (సైప్రస్ జాతి) చెక్క ఉంటుంది కాబట్టి. కర్రపొడిని రెసిన్‌తో అదిమి చేసిన కొత్త పెట్టెలు ఈ కొలతకి బరువెక్కువ. ఇంకా ఒక మాయ ఉంది. యుద్ధం తర్వాత జపాన్‌లో జీడిపిక్కల పెంకు నూనెతో తయారుచేసిన పెయింటు బాగా వాడకంలోకి వచ్చింది. పలాస జీడి కార్ఖానాల్లో చేతులు కాల్చే ఆ నూనే. ఆ పూత దూరం నుంచి ఉరుషిలానే ఉంటుంది. దానితో చేసినదాన్ని మోసం అనను, కానీ దాన్ని పాత పెట్టె అని అమ్మితే మోసమే. మీ పెట్టె అడుగు ఫొటో ఒక్కటే ఉంది, కానీ అది చాలు. నేలకి ఆనే అంచుల్లో మాత్రమే పూత అరిగింది. అరిగినచోట నలుపు, దాని కింద గోధుమరంగు, ఒక మూలలో జనపనార గుడ్డ నేత కూడా కనిపిస్తోంది. చెక్క అతుకులు విడిపోకుండా ఆ గుడ్డ అంటిస్తారు. పాతదని చూపించడానికి కావాలని గీకిన పెట్టెల్లో గీతలు అన్ని వైపులా సమానంగా ఉంటాయి. వాడకంలో అరిగినది అలా అరగదు.

సిరా రాయి మాత్రం మొదటి నుంచీ ఈ పెట్టెలోది కాదనిపిస్తోంది. ఎడమ వైపు వేలు పట్టేంత సందు ఉంది. ఇలాంటి పెట్టెలో రాయి గూట్లో కదలకుండా కూర్చోవాలి. రాతి అంచులకి కూడా చాలాసార్లు బంగారం పూస్తారు, దీనికి లేదు. నీటి పాత్ర మాత్రం తన గుంటలో సరిగ్గా సరిపోయింది, అది అసలుదే అయ్యుండాలి. కుడివైపు ఖాళీ కూడా ఉంది చూడండి. అక్కడ కుంచెలు పెట్టుకునే పల్చటి పళ్లెం ఉండేది, ఎప్పుడో పోయింది. ఇవన్నీ వెల తగ్గించే విషయాలు. మీకు ఆ వెలకి దొరకడానికి కారణం కూడా ఇవే కావచ్చు.

సంతకం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కాజికావా అనేది తొకుగావా షోగన్లకి (అప్పట్లో జపాన్‌ను ఏలిన సైనిక పాలకులు) పనిచేసిన ఉరుషి కళాకారుల కుటుంబం. చిన్న మందుల డబ్బాల పనిలో వాళ్లకి గొప్ప పేరు. తరాల తరబడి వాళ్లింట్లో అదే పేరు వాడారు. వాళ్ల పేరు గొప్పది కాబట్టి ఇతరులూ రాసేసుకున్నారు. ఆ సంతకం ఉన్న వస్తువులు ప్రపంచమంతా లెక్కకు మించి ఉన్నాయి. ఇంకో సంగతేమంటే, పెద్ద ప్రభువుల ఇళ్లకు చేసిన మంచి పెట్టెల మీద చాలాసార్లు పేరే ఉండదు. 1639లో షోగన్ ఇయెమిత్సు కూతురు చియోహిమె పెళ్లికి కోఅమి నగషిగె చేసిన సామాను ఇప్పుడు నగోయాలోని తొకుగావా మ్యూజియంలో ఉంది. దాని ఘనత సంతకంలో లేదు. మీ పెట్టెని పని చూసి అంచనా కట్టండి, పేరు చూసి కాదు. పేరు నిజమైతే లాభం, కాకపోతే నష్టం ఏమీ లేదు.

వయసు విషయానికొస్తే, బంగారు పొడి బాగా సన్నగా, ఒకే సైజులో ఉంది. నషిజి కూడా చాలా సమానంగా పడింది. నా అంచనాలో ఇది 19వ శతాబ్దిది. ఎదో కాలం, అంటే ఆ షోగన్ల పాలన, చివర కావచ్చు, 1868 తర్వాత మెయిజీ చక్రవర్తి కాలపు మొదటి దశాబ్దాలు కావచ్చు. ఆ రెంటి మధ్య గీత గీయడం పెట్టె చేతిలో ఉన్నా కష్టమే, ఎందుకంటే పనిచేసినవాళ్లు వాళ్లే. 1871లో ప్రభువుల సంస్థానాలు రద్దయ్యాక వాళ్ల ఆర్డర్లు ఆగిపోయాయి. ఉన్న సామాను అమ్మకానికి వచ్చింది, పనివాళ్లు విదేశీ కొనుగోలుదారుల కోసం చేయడం మొదలుపెట్టారు. మీ పెట్టె బొమ్మ మరీ కిక్కిరిసి లేదు, నల్లటి నేల ఖాళీగా వదిలారు. ఆ పొదుపు చూసి ఇది ఇక్కడివాళ్ల కోసమే చేశారని నాకనిపిస్తోంది. ఎగుమతి సరుకులో ఒక్క అంగుళం ఖాళీ వదిలేవారు కాదు.

టోక్యోలోనే ఉన్నారు కాబట్టి ఉఎనోలోని జాతీయ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఇలాంటి రాతపెట్టెల్లో రెండు జాతీయ నిధులున్నాయి. ఎప్పుడూ ప్రదర్శనలో ఉంచరు, మారుస్తుంటారు, వెళ్లే ముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి. ఒకటి హొన్అమి కోఎత్సు (1558–1637) పేరు మీదున్న పడవల వంతెన పెట్టె. మూత గుట్టలా ఉబ్బి ఉంటుంది, బంగారు అలల మీద పడవలు, వాటికి అడ్డంగా నల్లటి సీసపు పట్టీ. మీద వెండి అక్షరాల్లో ఒక పాత పద్యం. అందులో పడవల వంతెన అనే మాట రాయలేదు. సీసపు పట్టీయే ఆ మాట. పద్యం తెలిసినవాడు చూస్తూ చదువుకుంటాడు. రెండోది ఒగాతా కోరిన్ (1658–1716) చేసిన ఎనిమిది పలకల వంతెన పెట్టె. బంగారు ఆకులు, ముత్యపు చిప్ప పూలు, సీసపు పలకలు. మనుషులెవరూ ఉండరు. దూరదేశం వెళ్తూ ఆ ఐరిస్ పూలను చూసి భార్యను తలుచుకున్న ప్రయాణికుడి పాతకథ అది. ఆ ప్రయాణికుణ్ణి బొమ్మ వేయకుండా వదిలేశారు. నాకైతే బంగారం కుప్ప పోసిన పెళ్లి సామాను కన్నా ఈ రెండే ఎక్కువిష్టం. అవి చూశాక మీ మూత లోపలి బొమ్మ మళ్లీ చూడండి. అక్కడ చిన్న వాగు, ఒక గుడిసె ఉన్నాయి. మూత తెరవకముందు గడ్డి, చంద్రుడు, తెరిచాక గుడిసె. రాయడానికి కూర్చున్న మనిషి ఆ క్రమంలో చూస్తాడని వేసినది.

ఇక విషం సంగతి. ఉరుషి ఒక చెట్టు పాలు. చెట్టు పది పదిహేనేళ్లు పెరిగాక గాట్లు పెట్టి తీస్తే ఒక్క సీజన్‌కి వచ్చేది దాదాపు 200 మిల్లీలీటర్లు, తర్వాత చెట్టు కొట్టేస్తారు. ఇది జీడిమామిడి, మామిడి కుటుంబం చెట్టే. మన ఊళ్లలో చాకలివాళ్లు బట్టలకి గుర్తు పెట్టడానికి నల్లజీడి గింజ వాడేవారు గుర్తుందా? ఆ రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో పచ్చి ఉరుషి తగిలినా అలాగే పొక్కుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లలో చాలామందికి ఆ అనుభవం తప్పదు. కానీ పూర్తిగా గట్టిపడ్డాక ఆ గుణం పోతుంది. జపాన్‌లో దీనితోనే అన్నం గిన్నెలు చేస్తారు. నూరేళ్ల పెట్టెను మీ పాప ముట్టుకుంటే పాపకేమీ కాదు. పెట్టెకే అవుతుంది.

అన్నట్టు, దీన్ని మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్కతో కలిపి చూడకండి. అది పురుగు చేసే జిగురు, వేడికి కరుగుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. గట్టిపడిన ఉరుషిని స్పిరిట్ కరిగించలేదు. అది గట్టిపడేది కూడా ఎండలో కాదు, 70–80 శాతం తేమ ఉన్న మూసిన అల్మరాలో. అయినా స్పిరిట్ వాడొద్దనే చెబుతాను. పాత మరమ్మతుల్లో ఏ వార్నిష్ వాడారో మనకు తెలియదు.

హైదరాబాద్ గురించి చాలామంది తడికి భయపడతారు. 1874లో వియన్నా ప్రదర్శన నుంచి వస్తువులు తిరిగి తెస్తున్న నీల్ అనే ఓడ జపాన్‌లోని ఇజు తీరంలో మునిగింది. ఏడాదికి పైగా సముద్రం అడుగున ఉన్నాక పైకి తీసిన ఉరుషి వస్తువులు కొన్ని దాదాపు చెక్కుచెదరలేదు. మీరు భయపడాల్సింది ఎండకీ, పొడిగాలికీ. వెలుతురు ఏళ్ల తరబడి పడితే పూత మెరుపు తగ్గి, గోధుమరంగుకి తిరుగుతుంది, అప్పుడు నీటిచుక్కకి కూడా మచ్చపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలిలో తేమ బాగా పడిపోతుంది, దానికి తోడు ఏసీ. లోపలి చెక్క కుంచించుకుపోతుంది, పూత కుంచించుకోదు, చెక్క రేఖల వెంట చీలుతుంది. అందుకని హాల్లో టీవీ పక్కన అద్దాల షోకేసులో, లైటు కింద పెట్టడం అనే ఆలోచన మానేయండి. జపాన్‌లో ఉండగానే కిరి (పౌలోనియా) చెక్కతో ఒక పెట్టె చేయించుకోండి. గాలిలో తేమ ఎంత మారినా లోపల నెమ్మదిగా మారేలా ఆ చెక్క కాపాడుతుంది. మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, ఆ పెట్టెలో పెట్టి, బయటి గోడకి ఆనని బీరువాలో మధ్య అరలో ఉంచండి. పక్కన చిన్న తేమ మీటరు పెట్టండి, 50–60 మధ్య ఉంటే మంచిది. సిలికా జెల్ పొట్లాలు వేయకండి, అవి ఆరబెట్టేస్తాయి. కలరా ఉండలు వద్దు. మీ మకాం వైజాగ్ లాంటి చోటికి మారితే అప్పుడు బూజు గురించి మాట్లాడుకుందాం.

ఇక రోజువారీ దుమ్ము సంగతి. మెత్తటి కుంచెతో దులపండి, అంతే. ఉబ్బెత్తు పూల మీద గుడ్డ వేయకండి, దారం తట్టుకుని రేకు ఊడొస్తుంది. అదే కారణానికి నూలు గ్లౌజులు కూడా వద్దు. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకుని, ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి పట్టుకోండి. ఎత్తేటప్పుడు మూత పట్టుకోకండి, అడుగున రెండు చేతులూ వేయండి. సరదా పడి ఆ రాయి మీద సిరా నూరాలనుకుంటే రాయిని బయటకు తీసి నూరండి, కడిగి ఆరాకే లోపల పెట్టండి.

కుడి మూలలో పూత కొంచెం లేచి ఉంది. ఇది నన్ను చంద్రుడి కన్నా ఎక్కువ ఆలోచింపజేసిన విషయం. ఫెవిక్విక్ వేయకండి. లేచిన ముక్క ఊడిపడితే పారేయకుండా కాగితంలో పెట్టి, ఏ మూలదో రాసి ఉంచండి. ఇక్కడి పద్ధతిలో పల్చటి ఉరుషి ఎక్కించి తిరిగి కూర్చోబెడతారు. పని నిదానంగా సాగుతుంది, ఖర్చు కూడా తక్కువేం కాదు. కానీ మొత్తం పెట్టెకి కొత్తగా పూత వేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1640 ప్రాంతపు మజారిన్ పెట్టె ఉంది. దాన్ని బాగుచేయడానికే ఏళ్లు పట్టింది, అసలు పూతను వీలైనంత కాపాడుతూ పనిచేశారు. మీ పెట్టె అంత గొప్పది కాకపోవచ్చు, పద్ధతి మాత్రం అదే. ఈ మూల పని మీరు జపాన్‌లో ఉండగానే చేయించండి.

చివరగా మీరు అడగని విషయం ఒకటి. ఇక్కడి నుంచి తీసుకెళ్లడం పెద్ద కష్టం కాదు. ప్రభుత్వం గుర్తించిన నిధులు తప్ప మామూలు పాత వస్తువుల మీద నిషేధం లేదు. కస్టమ్స్‌లో అనుమానం వస్తుందనుకుంటే ఇది అలాంటి నిధి కాదని సాంస్కృతిక వ్యవహారాల ఏజెన్సీ ఇచ్చే పత్రం తీసుకోవచ్చు. రసీదు జాగ్రత్త. చిక్కు ఇండియాలో దిగాక ఉంది. 1972 నాటి మన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువుని ప్రైవేటు వ్యక్తి దేశం బయటకు పంపకూడదు. మీరు రెండేళ్లకి అమెరికా వెళ్లే ఆలోచనలో ఉన్నామని రాశారు. ఆ ఆలోచన గట్టిదైతే, హైదరాబాద్ తీసుకెళ్లే ముందే భారత పురావస్తు శాఖకి రాసి అడగండి. లేదంటే పెట్టెను ఇక్కడే తెలిసినవాళ్ల దగ్గర ఉంచి, తర్వాత నేరుగా అక్కడికే పంపించుకోండి.

వీలైతే ఇంకో మూడు ఫొటోలు పెట్టండి: లేచిన మూల పక్క నుంచి వెలుతురు పడేలా ఒకటి, సిరా రాయి తీసేసి దాని కింది గూడు ఒకటి, సంతకం భూతద్దంలోంచి ఒకటి. ఫ్లాష్ వద్దు. అవి చూశాక మూల పనికి ఎలాంటి చోటికి వెళ్లాలో, ఏమడగాలో ఇక్కడే రాస్తాను.